మిగిలిన నీళ్లు

నా భార్య చిన్నపిల్లల బడిలో పంతులమ్మ. గార్లదిన్నె దాటి లోపలికి పోతే బుడ్డల చేన్ల మధ్య ఉంటుంది ఆ బడి. వేరుశనగను మా వైపు బుడ్డలు అంటారు. ఒకటి, రెండు తరగతులు ఆమెవి. ఒకరోజు వాన గురించి పాఠం చెప్తుంటే ఒక పిల్ల లేచి, మబ్బులు ఎక్కడి నుంచి వస్తాయని అడిగిందట. సముద్రం నుంచి అని ఈమె చెప్పింది. సముద్రం ఎంత ఉంటుందని ఇంకొకరు అడిగారు. చెరువుతో పోల్చి చెబుదామనుకుందట గాని, నిండిన చెరువును చూసినవాళ్లే ఆ తరగతిలో తక్కువ. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఆ మాటే నాతో అన్నది. నేను మండలంలోని గ్రంథాలయంలో పనిచేస్తాను. సముద్రతీరం గురించి ఏమైనా పుస్తకాలుంటే తెమ్మన్నది. తెచ్చాను.

బడి వెనక పాడుబడిన సిమెంటు తొట్టి ఒకటి ఉండేది. దానిలో పెన్నేటి ఇసుక పోయించి, ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా సర్దింది. పల్లంలో నీళ్లు పోసి ఉప్పు కలిపింది. ఒక పీట తీసుకొని నీళ్లను నెడితే అల వచ్చి ఇసుకను తడిపి వెనక్కి పోయేది. అరిగిపోయిన హవాయి చెప్పుల రబ్బరు కోసి పీతలు చేసింది. టెంకాయ చిప్ప తాబేలు. తాబేలు ఇసుకలో గుంత చేసి గుడ్లు పెట్టి పోతుందని చెప్పి, గుడ్లకు బదులు బుడ్డలు పూడ్చింది. మరుసటి రోజు చూస్తే ఒక్కటీ లేదు. పిల్లలు తవ్వుకొని తినేశారు. "తాబేలు వంశమే లేకుండా చేసినారు గదరా" అని తిట్టి, మళ్లీ పూడ్చిందట.

ఆమె సముద్రాన్ని చూసింది ఒక్కసారే, పెళ్లికి ముందు. పిల్లలను తీసుకుపోయి చూపిస్తానని మాట ఇచ్చింది.

ఆమె పెట్టిన ఇంకో అలవాటు గురించి ఇక్కడే చెప్పాలి. మా వైపు బోరునీళ్లు తాగడానికి పనికిరావు. పిల్లలు ఇంటి నుంచి సీసాల్లో తాగేనీళ్లు తెచ్చుకుంటారు. బడి వదిలే ముందు సీసాల్లో మిగిలిన నీళ్లను పారబోయకూడదు. వేపచెట్టు కింద మట్టి మూకుడు ఉంటుంది, అందులో పొయ్యాలి. పిట్టలు, ఉడుతలు, ఎండాకాలంలో కుక్కలు వచ్చి తాగేవి. వరుసగా నిలబడి ఒక్కొక్కరే పోసి, సంచి భుజాన వేసుకొని ఇంటికి పోవాలి. పోయకుండా ఎవరైనా జారుకుంటే మిగతావాళ్లు వెంటపడి పట్టుకొచ్చేవాళ్లు.

తర్వాత ఆమె కిడ్నీలు చెడిపోయాయి. అనంతపురంలో డయాలసిస్. ఆ రోగంలో ఒంట్లో చేరిన నీరు బయటికి పోదు. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది, ఊపిరి ఆడదు. అందుకని నీళ్లు కొలిచి ఇవ్వాలి. ఇంట్లో ఒక చిన్న స్టీలు గ్లాసు ఉండేది, కాఫీది. దానితో, అంచుకు కొంచెం కిందిదాకా, కొలిచేవాళ్లం. ఆ కొలత ఎవరికైనా చాలదు. వేసవిలో అసలే చాలదు. ఆమె నాలుక పిడచకట్టుకుపోయి మాట తడబడేది. తడిగుడ్డ పెదాలకు అద్దేవాళ్లం. మా పాప అప్పుడు రెండో తరగతికి వచ్చింది, అదీ వాళ్లమ్మ తరగతే. కాని అప్పటికి వాళ్లమ్మ బడికి పోవడం మానేసింది. ఇంట్లో ఎవరు బయటికి పోయినా గడప దగ్గర నిలబడి పాపకు చెప్పే మాట ఒకటే: "అమ్మకు నీళ్లు ఇయ్యొద్దు."

వానలు రావలసిన రోజుల్లో ఆమె పోయింది.

పాప ఎక్కువగా ఏడవలేదు. బడికి పోయేది, తినేది, నిద్రపోయేది. ఒకటి మాత్రం మానేసింది. ఎవరికీ నీళ్లు ఇచ్చేది కాదు. ఇంటికి ఎవరన్నా వస్తే, "పోమ్మా, నీళ్లు తీసుకురా" అంటే బిందె దాకా పోయి వట్టి చేతులతో తిరిగి వచ్చేది. మాతోనే ఉండే మా అత్త, పాపకు అవ్వ, అది పొగరు అనుకున్నది. బడిలో మూకుడులోనూ పోసేది కాదు. మిగిలిన నీళ్లతో సీసాను అలాగే ఇంటికి తెచ్చేది. మిగతా పిల్లలు పట్టుకొని లాగితే, మూత పట్టుకొని కూర్చునేదట. ఆ సంగతి బడి పెద్దసారు నాకు చెప్పాడు.

కారణం నాకు తెలుసనే అనుకున్నాను. ఏడాది పొడుగునా ఆ ఇంట్లో నీళ్లు ఇవ్వడమంటే తప్పు చేయడం. దానికీ, వాళ్లమ్మ పోవడానికీ మధ్య ఆ పిల్ల ఏదో ముడి వేసుకున్నది. అది ఎంత దూరం పోయిందో తెలియదు. అడగాలంటే నోరు రాలేదు. నేను చదివిన పుస్తకాల్లో చావు గురించి చాలా ఉంది. ఏడేళ్ల పిల్లను ఈ సంగతి ఎలా అడగాలో వాటిలో లేదు.

మాఘమాసంలో పెద్దసారు గ్రంథాలయానికి వచ్చాడు. "ఏమప్పా, మీ ఇంటామె ఇచ్చిన మాట ఒకటి ఉండాదే. పిల్లోల్లు రోజూ నా పానం తీస్తాండారు. సముద్రం ఎప్పుడు సార్, సముద్రం ఎప్పుడు సార్ అని. నువ్వు వస్తానంటే పోదాం" అన్నాడు. వస్తానన్నాను. ఆమె మాట నిలబెట్టాలన్నది నిజమే. నాకు అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. వాళ్లమ్మ చెప్పినవన్నీ కళ్లతో చూస్తే, ఆ తొట్టి ముందు కూర్చున్న పాత రోజులు గుర్తొచ్చి, పాప మళ్లీ ఎవరికైనా ఒక గ్లాసు నీళ్లు ఇస్తుందేమో అనుకున్నాను. ఆ ప్రయాణం నుంచి నేను కోరుకున్నది అంతే.

బస్సులో తాడిపత్రి, కడప మీదుగా నెల్లూరు వైపు పోయాం. పెద్దసారు, బడిలో వంట చేసే ఆమె, నేను, పిల్లలు. తెల్లవారాక సరుగుడు తోపు పక్కన దిగాం. తోపు దాటగానే సముద్రం కనబడింది. పిల్లలు పరిగెత్తి, సగం దూరంలో అందరూ ఒక్కసారే ఆగిపోయారు. ఒక పిల్లవాడు తిరిగి పెద్దసారును అడిగాడు.

"సార్, ఈ నీళ్లు యాన్నుంచి ఇడిసినారు?"

మా వైపు నీళ్లంటే కాలువకు ఎవరో వదిలితే వచ్చేవి. పెద్దసారు నవ్వి, "ఎవురూ ఇడ్సలేదురా. ఈడ ఎప్పుడూ ఉంటాయి" అన్నాడు. వాడు నమ్మినట్టు కనబడలేదు.

వంటామె నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకొని ఉమ్మేసింది. "అబ్బబ్బ! ఇన్ని నీళ్లుండి ఒక్క చెంబుకు పనికి రాకపాయెనే!"

"ఏమ్మా, నీకే పనికొచ్చేది" అన్నాడు పెద్దసారు. "వారానికి రెండు దినాలు పప్పులో ఉప్పెయ్యడం మరస్తావు. ఒక బిందె ముంచుకోని పోదాం పట్టు."

"తినేటప్పుడు రెండోసారి ఏయించుకుంటావు గదా సారూ, అప్పుడు ఉప్పు గుర్తుకు రాదా నీకు?"

పిల్లలు నవ్వారు. పాప కూడా నవ్వింది. ఆ నవ్వును నేను చాలా రోజులకు చూశాను.

తడి ఇసుక మీద ఎర్రటి పీతలు పరిగెత్తుతున్నాయి. మనిషి అడుగు పడితే చాలు, బొక్కల్లోకి పోతాయి. పిల్లలు బొక్కల చుట్టూ చేరారు గాని ఎవరూ చేయి పెట్టలేదు. "తేలుంటాది, చెయ్యి పెట్టొద్దురోయ్" అని ఒకరినొకరు హెచ్చరించుకున్నారు. మా చేన్లలో బొక్క అంటే తేలో, పామో. పాప వాళ్లతో, "తేలు గాదు, ఎండ్రకాయ. లోపల ఇసుకను ఉండలు చేసి బయటేస్తాది. మా అమ్మ చెప్పింది" అన్నది. బొక్క చుట్టూ నిజంగానే ఇసుక ఉండలు ఉన్నాయి. చిన్న ఉల్లంకి పిట్టలు అల వెనక్కి పోతే దాని వెంట పరిగెత్తి తడిలో పొడిచి, అల ముందుకు వస్తే వెనక్కి పరిగెత్తుతున్నాయి. తొట్టిలో చూసిన ప్రతిదాన్నీ పాప అక్కడ వెతికింది. దొరికినదాన్ని పేరు పెట్టి పిలిచింది. గొంతు పెరిగింది. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆమె వెంటే తిరిగారు.

కొంచెం అవతల ఒక మడుగు ఉంది. పోటు వచ్చి వెనక్కి పోయినప్పుడు నిలిచిపోయిన నీళ్లు. మోకాలి లోతు కూడా లేదు. వంటసామాను నుంచి నీలం బకెట్టు తెచ్చి, ఆ ఉప్పునీళ్లే సగం నింపి, దొరికినవి అందులో వేశారు. ఖాళీ శంఖాల్లో దూరి బతికే చిన్న పీతలు, అద్దంలా ఉండే రొయ్యపిల్లలు, అరచేతిలో పట్టే ఒక నక్షత్రచేప. అన్నీ చూసి, బొమ్మలు వేసుకొని, పోయేముందు మళ్లీ మడుగులో వదలాలి. ఆసుపత్రి మంచం మీద నుంచి నా భార్య నాకు చెప్పిన మాట అది. "చూసినాక యాడివి ఆడ ఇడిసిపెట్టాల. ఇంటికి తెచ్చుకుంటామని ఏడుస్తారు, ఇననే కూడదు" అన్నది. తాను పోలేనని అప్పటికే ఆమెకు తెలుసు.

ఒక శంఖంలో పీత పాప అరచేతిలో చాలాసేపు కదలకుండా ఉండి, తర్వాత మెల్లగా కాళ్లు బయటపెట్టి నడిచింది. పాప ఊపిరి బిగబట్టి చూసింది. "గోకతాంది నాయనా" అన్నది.

అన్నానికి పిలిచారు. నేను ముందు లేచి తోపు వైపు నడిచాను. కొంచెం దూరం పోయి తిరిగి చూస్తే పిల్లలు బకెట్టు చుట్టూ వరుసగా నిలబడి ఉన్నారు. వాళ్లలో పెద్దపిల్ల ఆజ్ఞలు వేస్తున్నది. "వాటికి దప్పికైతాంటాది. ఆ పాడునీళ్లు పారబోసెయ్యండి. టీచరమ్మ చెప్పినట్ల మిగిలిన నీళ్లు అందరూ పొయ్యాల." ఒకడు బకెట్టు వంచి, జీవాలు జారిపోకుండా చేయి అడ్డం పెట్టి ఉప్పునీళ్లు వంచేశాడు. ఒక్కొక్కరే సీసా మూత తీసి పోశారు. కొందరు మిగిలినవే కాదు, ఉన్నవన్నీ పోశారు. చివర మా పాప నిలబడి ఉంది. కాసేపు సీసాను పట్టుకొని అలాగే ఉంది. ఎవరూ లాగలేదు. తనే మూత తీసింది. సీసా ఖాళీ అయ్యేదాకా పోసింది.

నేను అది చూశాను. చూసి, సరుగుడు చెట్టుకు చేయి ఆనించి నిలబడ్డాను. కళ్లనీళ్లు వచ్చాయి. ఆ బకెట్టులో జరుగుతున్నది ఏమిటో నాకు తట్టలేదు. నేను కూడా మా వైపు పుట్టినవాడినే. ఒక ప్రాణికి తాగేనీళ్లు పోయడంలో చెడు ఉంటుందని మాలో ఎవరికీ తోచదు.

అన్నాలు తిన్నాక ఒడ్డు వెంట నడిచాం. కాకులు గుంపుగా వాలి ఉన్న చోట ఒక తాబేలు చచ్చి పడి ఉంది. పెద్దది. కళ్లు అప్పటికే లేవు. మెడ కింద చర్మం ఉబ్బి పగిలింది. పెద్దసారు పిల్లలను మళ్లించబోయాడు గాని వాళ్లు ముందే చేరిపోయారు.

"గుడ్లు పెట్టనీకె వచ్చి సచ్చిపాయెనా సార్?"

"వలలో పడింటాది రా. అప్పుడప్పుడు పైకొచ్చి గాలి పీల్చుకోవాల అది. వల పట్టేసుకుంటే రాలేదు. లోపల్నే ఊపిరాడక పోయింటాది."

"నీళ్లల్లో బతికేదానికి నీళ్లల్లోనే ఊపిరాడలేదా?"

"ఆడలేదు" అన్నాడు పెద్దసారు.

పాప నా వేలు పట్టుకుంది. ఆ మాటలు ఆమె విన్నది. ఊపిరి ఆడకపోవడం ఎట్లా ఉంటుందో ఆమె ఇంట్లోనే చూసింది.

వెనక్కి వచ్చేసరికి బకెట్టులో కదలిక లేదు. రొయ్యపిల్లలు తెల్లబడి అడుగున పడ్డాయి. నక్షత్రచేప చేతులు మెత్తబడి వేలాడుతున్నాయి. పీతలు శంఖాలు వదిలి బయటికి వచ్చేశాయి. శంఖం లేని ఆ పీతను నేను అంతకుముందు చూడలేదు. ముందుభాగం పీతలా గట్టిగా ఉంటుంది. వెనకభాగం మెత్తటి వంకర తోక, పురుగులా. ఎప్పుడూ దాచుకునే భాగం అది. ఒకదాని కాలు ఇంకా ఆడుతున్నది. చూస్తుండగానే అదీ ఆగింది.

"ఏమాయె వీటికి?" అన్నది వంటామె.

పెద్దసారు వంగి, వేలు ముంచి రుచి చూశాడు. "తాగేనీళ్లు పోసినారా వీల్లు! ఉప్పునీళ్లల్లో బతికేటివి గదా ఇవి. మంచినీళ్లు పోస్తే యాడ బతుకుతాయి?"

"అయ్యో, దప్పికని పోసిరి గదా సారూ పిల్లోల్లు" అన్నది వంటామె.

ఆజ్ఞలు వేసిన పెద్దపిల్ల గట్టిగా ఏడ్వడం మొదలుపెట్టింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు. పెద్దసారు తలపట్టుకొని, "ఏడ్వొద్దండి, తెలీక చేసినారు, ఏం గాదు" అని ఒక్కొక్కరి వీపు నిమురుతున్నాడు. మా పాప ఏడవలేదు. బకెట్టు పిడి పట్టుకొని రెండు చేతులతో లేపింది. బరువు. నేను ఒక పక్క పట్టుకున్నాను. మేమిద్దరం మడుగు దాకా పోయాం. బకెట్టు వంచాం. చచ్చినవన్నీ ఉప్పునీళ్లలో కలిసిపోయాయి. అందరూ దూరంగా ఉన్నారు.

"నాయనా" అన్నది, నీళ్ల వైపే చూస్తూ. "అమ్మకు నేను నీళ్లిచ్చినా."

ఖాళీ బకెట్టును ఇసుకలో పెట్టి మామూలుగానే అడిగాను. "ఎప్పుడు?"

"నువ్వు మందులకు పోయినప్పుడు. అవ్వ పక్కింట్లో ఉన్న్యాది. అమ్మ అడిగె. గ్లాసులో గాదు, చెంబుతో తెమ్మనె. తెచ్చినా. ఎవురికీ చెప్పొద్దనె."

ఏ రోజు అని అడగబోయి ఆగాను. మందులకు నేను చాలాసార్లు పోయాను. చివరిసారి పోయి వచ్చేసరికి ఆమె మంచం మీద కూర్చొని ఆయాసపడుతున్నది. ఆ రోజేనా, వేరే రోజా, ఆ పిల్లకు తెలిసి ఉండదు. తెలిసినా అది నాకు అక్కర్లేదని అక్కడ నిలబడే నిర్ణయించుకున్నాను.

"వీటికి పోసినట్లే గదా నాయనా" అన్నది.

నేను ఇసుకలో కూర్చున్నాను, ఆమె ముఖం నాకు సమంగా వచ్చేలా. "కాదు" అన్నాను. "వీటికి తెలీదు. ఇవి అడగలేదు. మీరు పోసినారు. మీ అమ్మకు తెలుసు. ఎన్ని నీళ్లు తాగాలో నీకంటే, నాకంటే, డాక్టరు కంటే ఆమెకే బాగా తెలుసు. తెలిసే అడిగింది. దప్పిక అట్లుంటాది. నువ్వు అమ్మ మాట ఇన్నావు."

"అయినా సచ్చిపాయె గదా."

"పోయింది."

"నీళ్లకేనా?"

అబద్ధం చెప్పడం తేలిక. కాని ఈ పిల్ల పెద్దదవుతుంది, చదువుకుంటుంది, ఆ రోగం గురించి ఏదో ఒకరోజు తానే తెలుసుకుంటుంది. "నాకు తెలీదు పాపా" అన్నాను. "ఆమె ఒళ్లు శానా చెడిపోయింది. నీళ్లు తాగకున్నా ఎక్కువ దినాలు ఉండేది గాదు. డాక్టరు అదే చెప్పినాడు."

శంఖం ఒకటి ఒడ్డున మిగిలింది, ఖాళీది. ఆమె కాలితో దాన్ని నీళ్లలోకి నెట్టింది.

"నీళ్లు తాగినాక అమ్మ ఏమన్నాది?" అని అడిగాను. ఆ ప్రశ్న పిల్ల కోసం కాదు. నాకు తెలుసుకోవాలనిపించింది.

"చెంబంతా తాగె. కండ్లు మూసుకోని గోడకు ఆనుకునె. సల్లగుండాది అనె."

నా భార్య చివరి ఏడాదిలో నేను ఆమె నోట వినని మాట అది. ఎంత అడిగినా బాగుందని అనలేదు, చల్లగా ఉందని అనలేదు. ఆ మాట ఆ పిల్ల దగ్గర ఉండిపోయింది, అన్ని నెలలు, తాను చేసిన తప్పు కింద.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ పాటలు పాడలేదు. వంటామె చక్కిలాలు పంచింది. తాగడానికి ఎవరి సీసాలోనూ నీళ్లు లేవు. దారిలో ఒక చోట ఆపి కొన్నాం.

బడి తెరిచాక పెద్దసారు తొట్టి దగ్గర పిల్లలను కూర్చోబెట్టి, ఏ నీళ్లు ఎవరికి మంచివో చెప్పాడట. నాతో, "మీ ఇంటామె ఉండింటే ముందే చెప్పేది. నాకు గుర్తు రాలేదప్పా" అన్నాడు. చెప్పేదేమో. చెప్పకపోయేదేమో. ఆమె కూడా ఈ నేల మీద పుట్టిందే. మూకుడులో నీళ్లు పోయడం ఆగలేదు. మా పాప మాత్రం పోస్తుందో లేదో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం గ్రంథాలయం మూసి సైకిలు మీద ఇంటికి వచ్చాను. నోరు ఎండిపోయింది. అరుగు మీద కూర్చొని చెప్పులు విడుస్తుంటే పాప లోపలి నుంచి వచ్చింది. చేతిలో నీళ్లు. నేను అడగలేదు. కాఫీ గ్లాసు, వాళ్లమ్మకు కొలిచిన స్టీలు గ్లాసు. అంచుదాకా నింపలేదు. కొలత దగ్గరే ఆపింది.

తాగాను. ఆ ఎండకు అది గొంతు కూడా తడపలేదు. ఇంకో గ్లాసు అడగాలనుకొని అడగలేదు.

ఆమె వెంటనే గ్లాసు తీసుకోలేదు. నా ఎదురుగా నిలబడి, ఊపిరికి నా ఎద పైకి కిందికి కదలడం చూస్తూ చాలాసేపు ఉంది. ఆ తర్వాత గ్లాసు తీసుకొని లోపలికి పోయింది.